ఉల్లిపొర, ఉప్పునీళ్లు, ఏటీపీ: కణం గురించి ఇంటర్ బైపీసీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ మొదటి ఏడాది ల్యాబ్‌లో, వైవాలో మళ్లీమళ్లీ ఎదురయ్యే సందేహాలు. పుస్తకంలో రసాయనం ఒకచోట, కణ నిర్మాణం ఇంకోచోట ఉండటంతో రెండింటికీ పొత్తు లేదనిపిస్తుంది. కానీ కణం గురించి వచ్చే ప్రశ్నల్లో చాలావాటి ముడి నీళ్ల దగ్గరే విడిపోతుంది. అందుకే ఇక్కడ నీటి ప్రస్తావన కాస్త ఎక్కువే ఉంటుంది.

ఫిజిక్స్‌లో చెప్పే కణం, బయాలజీలో చెప్పే కణం ఒకటేనా?

కాదు. ఇది మన పరిభాష తెచ్చిపెట్టిన చిక్కు. ఫిజిక్స్‌లో ఎలక్ట్రాన్ కణమే, ప్రోటాన్ కణమే. బయాలజీలో కణమంటే పొర చుట్టుకుని, తనంతట తాను బతకగల జీవ ప్రమాణం. కేంద్రకం విషయంలోనూ అంతే. పరమాణు కేంద్రకంలో ఉండేవి ప్రోటాన్లు, న్యూట్రాన్లు. కణ కేంద్రకంలో ఉండేవి డీఎన్‌ఏ, ప్రోటీన్లు. కార్బన్ పరమాణు కేంద్రకంతో పోలిస్తే కణ కేంద్రకం వ్యాసం సుమారు వంద కోట్ల రెట్లు పెద్దది.

పరమాణువు, అణువు అన్న మాటల్నీ తారుమారు చేస్తుంటారు. ఆక్సిజన్ ఒక్కటే ఉంటే పరమాణువు. దానికి రెండు హైడ్రోజన్లు అతుక్కుంటే నీటి అణువు. వార్తల్లో అణుబాంబు, అణువిద్యుత్ అంటారు గానీ అక్కడ జరిగేదంతా పరమాణు కేంద్రకంలోనే. ఆ వాడుకను పరీక్ష పేపర్లోకి తీసుకురాకండి.

కణకవచం, కణత్వచం: రెండూ పొరలే కదా, తేడా ఏమిటి?

కణత్వచం ప్రతి కణానికీ ఉంటుంది. కొవ్వు, ప్రోటీన్లతో తయారై, ఏది లోపలికి రావాలో ఏది రాకూడదో ఎంచుతుంది. కణకవచం దాని బయట ఉండే గట్టి గోడ. మొక్కల్లో సెల్యులోజుతో, శిలీంధ్రాల్లో ముఖ్యంగా కైటిన్‌తో, బ్యాక్టీరియాల్లో పెప్టిడోగ్లైకాన్‌తో ఉంటుంది. జంతు కణాలకు ఉండదు. కవచం నీటినీ, కరిగిన లవణాలనీ, చక్కెరనీ ఆపదు; ఆకారాన్ని నిలబెడుతుంది, కణం పగలకుండా కాస్తుంది. దోమతెర కట్టిన ఇనుప చట్రాన్ని ఊహించుకోండి: వడపోత తెర పని, నిలబెట్టడం చట్రం పని.

మూడో తికమక ఇంకోటుంది. ఉల్లిపాయ నుంచి ఒలిచే 'పొర' ఈ రెండింట్లో ఏదీ కాదు. అది ఒకే వరసలో పక్కపక్కన అతుక్కున్న కణాల బాహ్యచర్మం, అంటే కణజాలం.

నీటి అణువు ధ్రువణత అంటే ఏమిటి? అది లేకపోతే ఏమవుతుంది?

నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, కానీ సమానంగా కాదు. ఆక్సిజన్ తనవైపు ఎక్కువ లాక్కుంటుంది. పైగా అణువు తిన్నగా ఉండదు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. దాంతో ఆక్సిజన్ వైపు కొద్దిపాటి రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిపాటి ధనావేశం మిగులుతాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు లాగబడటమే హైడ్రోజన్ బంధం. అణువు లోపలి సంయోజనీయ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 460 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధానికి 20 దగ్గర చాలు. బలహీనమైనదే, కానీ లక్షల్లో ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పోగులను పట్టి ఉంచేదీ, ప్రోటీన్ మడతల్ని నిలిపేదీ ఈ తరహా బంధాలే.

ఉప్పు నీళ్లలో కరిగేది ఈ ఆవేశాల వల్లే. సోడియం అయాన్ చుట్టూ నీటి అణువులు ఆక్సిజన్ వైపు తిరిగి చేరతాయి, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్ వైపు తిరిగి చేరతాయి. నూనెలో పట్టుకోవడానికి అలాంటి ఆవేశమేమీ లేదు, అందుకే నీళ్లు దాన్ని పక్కకు నెట్టి తమలో తాము జట్టు కడతాయి.

కణత్వచం పుట్టుక కూడా ఇక్కడే ఉంది. ఫాస్ఫోలిపిడ్ అణువుకు నీళ్లంటే ఇష్టపడే తల, పడని రెండు తోకలు. వీటిని నీళ్లలో వదిలితే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి రెండు వరసలుగా సర్దుకుంటాయి. ఎవరూ కుట్టక్కర్లేదు. ఈ రెండు వరసల్లో ప్రోటీన్లు తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించారు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి చిన్న ధ్రువరహిత అణువులు నేరుగా దాటిపోతాయి. సోడియం అయాన్ ఎంత చిన్నదైనా తనంతట తాను దాటలేదు. ప్రోటీన్ దారి చూపాల్సిందే. 'చిన్నవి దాటతాయి, పెద్దవి దాటవు' అని రాస్తే మార్కు పోయేది ఇందుకే.

పీహెచ్ 7 నుంచి 5కు పడితే రెండు రెట్లు ఆమ్లమా?

వంద రెట్లు. ఒక్కో అంకెకూ హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుంది. రక్తం 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. కణద్రవ్యం 7.2 దగ్గర, లైసోజోముల (కణంలో జీర్ణం చేసే ఎంజైముల సంచుల) లోపల 4.5 నుంచి 5 దాకా. లైసోజోము ఎంజైములు ఆ పులుపులోనే బాగా పనిచేస్తాయి. ఒకటి చిట్లి కణద్రవ్యంలోకి కారినా అక్కడి పీహెచ్‌కు వాటి జోరు తగ్గిపోతుంది.

ఇంట్లో చూడాలంటే పసుపు చాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది, సబ్బునీళ్లు పడినా ఎర్రబడుతుంది. కానీ పసుపు క్షారాన్నే చూపిస్తుంది. నిమ్మరసం కలిపితే పసుపు పసుపుగానే ఉంటుంది, ఆమ్లం లేదని అర్థం కాదు.

బెనెడిక్ట్, అయోడిన్, బైయూరెట్: టెస్టు ఎందుకు తప్పుతుంది?

తప్పు చాలాసార్లు పదార్థంలో ఉండదు, కొలతలోనో వేడిలోనో ఉంటుంది.

బెనెడిక్ట్ (క్షయకరణ చక్కెరలకు): 5 మి.లీ. బెనెడిక్ట్ ద్రావణానికి 8 చుక్కల నమూనా కలిపి, మరుగుతున్న నీళ్ల బీకరులో 3 నుంచి 5 నిమిషాలు ఉంచండి. చక్కెర పెరిగేకొద్దీ నీలం కాస్తా ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు అవుతుంది. నేరుగా మంట మీద పెడితే ద్రావణం ఒక్కసారిగా ఎగచిమ్ముతుంది. వేడి చేయకుండా 'రంగు రాలేదు' అని రాసేవాళ్లూ ఉన్నారు. పంచదార ఈ టెస్టు ఇవ్వదు. సుక్రోజులో గ్లూకోజు, ఫ్రక్టోజు తమ క్షయకరణ కొసలతోనే ఒకదానికొకటి కట్టుకుని ఉంటాయి. బెల్లం ఇస్తుంది, ఎందుకంటే అందులో విడిపోయిన గ్లూకోజు, ఫ్రక్టోజు కొంత ఉంటాయి. పంచదారతోనూ రప్పించాలంటే రెండు మూడు చుక్కల విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కొన్ని నిమిషాలు మరిగించి, చల్లార్చి, నురగ ఆగేదాకా వంటసోడా వేసి, ఆ తరవాత బెనెడిక్ట్ కలపాలి. సోడా మరిచిపోతే మిగిలిన ఆమ్లం బెనెడిక్ట్‌లోని కార్బనేటును తినేస్తుంది, టెస్టు పాడవుతుంది.

అయోడిన్ (పిండిపదార్థానికి): ఇది నీళ్లలో దాదాపు కరగదు. ముందు పొటాషియం అయొడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో అయోడిన్ వేసి, ఆ తరవాతే నీళ్లు పోసి పలచన చేయాలి. వరస మారిస్తే సీసా అడుగున నల్లటి పలుకులు మిగిలిపోతాయి. గంజిని బాగా చల్లార్చి వేయండి. పిండిపదార్థంలోని అమైలోజు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, అయోడిన్ ఆ సొరంగంలో దూరితేనే నీలం. వేడికి చుట్టలు వదులైపోతాయి. నీలం వచ్చిన పరీక్షనాళికను వేడి చేసి చూడండి: రంగు మాయమవుతుంది, చల్లారగానే మళ్లీ వస్తుంది.

బైయూరెట్ (ప్రోటీన్లకు): గుడ్డు తెల్లసొనను పది రెట్లు నీళ్లతో పలచన చేసి 2 మి.లీ. తీసుకోండి. 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. కలపండి. 1 శాతం కాపర్ సల్ఫేట్ రెండు మూడు చుక్కలు మాత్రమే. ఊదారంగు వస్తుంది. ఇంకాస్త ముదురు రావాలని కాపర్ సల్ఫేట్ గుమ్మరిస్తే నీలం మడ్డి పేరుకుని ఊదాను కప్పేస్తుంది. విడి అమైనో ఆమ్లాలకు ఈ రంగు రాదు. కనీసం రెండు పెప్టైడ్ బంధాలు కావాలి. ఇంతకీ ఈ కారకంలో బైయూరెట్ అనే పదార్థం ఒక్క చుక్క కూడా ఉండదు. ఆ పదార్థం కూడా ఇదే రంగు ఇస్తుందని ఆ పేరు అంటుకుంది, అంతే.

అణువులు కలిసేటప్పుడు ఎన్ని నీటి అణువులు పోతాయో ఎలా లెక్కించాలి?

ఎన్ని బంధాలో అన్ని. గ్లూకోజు అణుభారం 180, ఫ్రక్టోజుదీ 180. సుక్రోజుది 360 కాదు, 342. తగ్గిన 18 బయటికి పోయిన నీటి అణువు. వంద అమైనో ఆమ్లాల గొలుసులో 99 పెప్టైడ్ బంధాలు. ఇన్సులిన్ దగ్గర జాగ్రత్త: మొత్తం 51 అమైనో ఆమ్లాలే గానీ 21, 30 చొప్పున రెండు గొలుసులు. కాబట్టి పెప్టైడ్ బంధాలు 20, 29 కలిపి 49, 50 కాదు.

ఉల్లిపొర స్లయిడ్ సరిగా రావాలంటే ఏం చేయాలి?

ఉల్లిపాయను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, కండ ఉన్న ఒక రేకును విడదీయండి. లోపలి వైపు, అంటే గిన్నెలా గుంటగా ఉన్న వైపు, రేకును విరిచి లాగితే పారదర్శకమైన పొర వస్తుంది. వెంటనే నీళ్లున్న వాచ్‌గ్లాసులో వేయండి. గాలికి వదిలితే అర నిమిషంలోనే అంచులు ముడుచుకుంటాయి, తరవాత ఎంత సవరించినా మడత పోదు.

5 మి.మీ. చతురస్రం చాలు. పెద్ద ముక్క తీసుకుంటే మడతపడి రెండు వరసలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. సాఫ్రనిన్ అనే ఎర్ర రంజనం ఒక చుక్క వేసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి, నీళ్లలో కడగండి. కడగకపోతే అంతా ఎర్రగా ఉండి కేంద్రకం అందులో కలిసిపోతుంది. స్లయిడ్ మధ్య గ్లిసరిన్ చుక్క వేసి పొరను పరిచి, కవర్‌స్లిప్ ఒక అంచును చుక్కకు ఆనించి 45 డిగ్రీల వాలుగా పట్టుకుని, సూది ఆసరాతో మెల్లగా దించండి. ధబీమని పడేస్తే గాలిబుడగలు చిక్కుకుంటాయి. మిగిలిన ద్రవాన్ని బ్లాటింగ్ పేపరుతో అంచు నుంచి పీల్చేయండి.

నల్లటి మందమైన అంచుతో, అచ్చు గుండ్రంగా ఏదైనా కనిపిస్తే అది కణం కాదు, గాలిబుడగ. కవర్‌స్లిప్‌ను సూదితో సున్నితంగా నొక్కండి, బుడగ కదులుతుంది లేదా ఆకారం మార్చుకుంటుంది. రికార్డుల్లో బుడగను గీసి 'కేంద్రకం' అని పేరు పెట్టిన బొమ్మలకు లోటు లేదు.

మైక్రోస్కోపులో ఎప్పుడూ 10ఎక్స్ వస్తుకటకంతో మొదలుపెట్టండి. పెద్ద మరను (కోర్స్ అడ్జస్ట్‌మెంట్) 45ఎక్స్ దగ్గర ముట్టుకోవద్దు. కటకం కవర్‌స్లిప్‌కు తగిలి రెండింట్లో ఒకటి పగులుతుంది. బొమ్మ తెల్లగా వెలవెలబోతుంటే వెలుతురు పెంచకండి, డయాఫ్రం కాస్త మూయండి. ఈ ఒక్క పని చేస్తే కవచాల గీతలు తేరుకుని కనిపిస్తాయి.

కేంద్రకం ఒక పక్కకు ఒత్తుకుని ఉంటుంది, ఎందుకంటే మధ్యలో చోటంతా రిక్తికదే (కణరసం నిండిన సంచిది). ముదిరిన మొక్క కణంలో అది 90 శాతం దాకా ఆక్రమిస్తుంది. హరితరేణువులు కనిపించవు: ఉల్లి రేకులు మట్టిలో, చీకట్లో పెరిగిన ఆకు భాగాలు, వాటి పని నిల్వ.

ఉల్లి కణం పొడవు కొలవాలంటే?

10ఎక్స్ వస్తుకటకం కింద పారదర్శక ప్లాస్టిక్ స్కేలు పెట్టి, వలయంలో ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో చూడండి. 1.8 మి.మీ. అనుకుందాం. అందులో పొడవుగా ఆరు కణాలు పట్టాయంటే ఒక్కోటి 0.3 మి.మీ., అంటే 300 మైక్రోమీటర్లు.

బుగ్గ కణాలకు ఉప్పునీళ్లు ఎందుకు?

0.9 శాతం ఉప్పునీళ్లు మన కణాలకు సమగాఢతలో ఉంటాయి. మామూలు నీళ్లలో కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఆపడానికి కవచం లేదు. నోరు పుక్కిలించి, కొత్త టూత్‌పిక్ మొద్దు కొసతో బుగ్గ లోపల మెల్లగా రాసి, ఉప్పునీటి చుక్కలో పలచగా పూయండి. 0.5 నుంచి 1 శాతం మిథిలీన్ బ్లూ ఒక చుక్క, రెండు నిమిషాలు. గుత్తులుగా కనిపిస్తే పూత మందమైందని అర్థం. వాడిన పుల్లను వేరేవాళ్లు ముట్టుకోకుండా క్రిమినాశినిలో వేయండి.

స్లయిడ్‌లో మైటోకాండ్రియా, రైబోజోములు ఎందుకు కనిపించవు?

రెండింటి కారణాలు వేరు. వెలుతురు మైక్రోస్కోపు విడదీయగల కనీస దూరం సుమారు 0.2 మైక్రోమీటర్లు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము అందులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. కణత్వచం మందం 7, 8 నానోమీటర్లే. వీటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తప్పదు. ఉల్లి కణం చుట్టూ మీకు కనిపించే గీత కవచమే, త్వచం కాదు. మైటోకాండ్రియా 1 నుంచి 4 మైక్రోమీటర్ల పొడవుంటాయి కాబట్టి లెక్క ప్రకారం కనిపించాలి. కానీ చుట్టూ ఉన్న ద్రవంతో సమానంగా పారదర్శకంగా ఉంటాయి, సాఫ్రనిన్ వాటిని విడిగా పట్టి చూపదు. జేనస్ గ్రీన్ బి లాంటి ప్రత్యేక రంజనం కావాలి.

జీవద్రవ్య సంకోచం ప్రయోగంలో ఏమీ జరగలేదు. ఎక్కడ పొరపాటు?

జీవద్రవ్య సంకోచం అంటే గాఢమైన ద్రావణంలో కణం నీరు కోల్పోయి, లోపలి ముద్ద ముడుచుకుని కవచాన్ని వదలడం. రియో అనే అలంకరణ మొక్క ఆకు అడుగు వైపు ఊదాగా ఉంటుంది, ఆ వైపు పొరే కావాలి. ఆకును ఏటవాలుగా చింపితే అంచున పలచగా ఊడుతుంది. రియో దొరక్కపోతే ఎర్ర ఉల్లి రేకు బయటివైపు పొర తీసుకోండి, దాని రిక్తికల్లోనూ రంగు ఉంటుంది. లోపలివైపు పొర పనికిరాదు. రంగు లేదు కాబట్టి సంకోచం జరిగినా పోల్చుకోవడం కష్టం.

0.5 మోలార్ సుక్రోజు కావాలంటే 17.1 గ్రాములు తూచి, ముందు కొద్ది నీళ్లలో కరిగించి, ఆ తరవాత మొత్తం 100 మి.లీ. అయ్యేదాకా నీళ్లు పోయండి. 100 మి.లీ. నీళ్లలో 17.1 గ్రాములు వేస్తే అది వేరే ద్రావణం. అలాగే 0.1 నుంచి 0.5 దాకా చేసి, ఒక్కోదాంట్లో పొరను 15 నిమిషాలు ఉంచి, 50 కణాలు లెక్కపెట్టండి. సగం కణాల్లో ఊదా ముద్ద మూలల దగ్గర కవచాన్ని వదిలిందంటే ఆ గాఢతే కణరసానికి సరిసమానం. 0.3 దగ్గర అలా వచ్చిందనుకోండి, 27 డిగ్రీల దగ్గర ద్రావిత శక్మం (కరిగిన పదార్థం నీటిని ఎంతగా లాగుతుందో చెప్పే కొలత) సుమారు మైనస్ 0.75 మెగాపాస్కల్. సుక్రోజు బదులు ఉప్పు వాడితే ఈ లెక్క మారిపోతుంది. ఒక్కో ఉప్పు యూనిట్ రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి సగం మోలారిటీతోనే దాదాపు అంతే లాగుతుంది.

మూడు నిమిషాలకే చూసి 'జరగలేదు' అనుకోవడం మామూలు పొరపాటు. దానికి ఎదురు తప్పు, గంటల తరబడి వదిలేయడం. అప్పుడు త్వచం దెబ్బతిని రంగు కారిపోతుంది, నీళ్లు పోసినా కణం తిరిగి నిండదు. నిండితేనే అది బతికున్న కణం.

కవచానికీ ముడుచుకున్న త్వచానికీ మధ్య ఖాళీలో ఏముంటుందని వైవాలో తప్పక అడుగుతారు. గాలి కాదు, శూన్యం కాదు, మీరు పోసిన సుక్రోజు ద్రావణమే. కవచం దాన్ని ఆపదు.

మాగాయకు తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే జాడీలో ఊట ఊరేదీ ఇలాగే. ఒక్క చుక్క నీళ్లు పోయం. ఆ ఊటంతా ముక్కల కణాల్లోంచి వచ్చిన నీరే.

బ్యాక్టీరియా రైబోజోములో 50ఎస్, 30ఎస్ భాగాలు కలిస్తే 80 కావాలి కదా, 70ఎస్ ఎలా?

ఎస్ బరువు కాదు. సెంట్రిఫ్యూజులో ఎంత త్వరగా అడుక్కు చేరుతుందో చెప్పే స్వెడ్‌బర్గ్ ప్రమాణం. అది ద్రవ్యరాశితో పాటు ఆకారం మీదా ఆధారపడుతుంది కాబట్టి కూడిక పనిచేయదు. నిజకేంద్రక (పొర చుట్టిన కేంద్రకం ఉన్న) కణాల కణద్రవ్యంలో 60ఎస్, 40ఎస్ కలిసి 80ఎస్. ఈ తేడా మనకు మందులిచ్చింది: టెట్రాసైక్లిన్లు బ్యాక్టీరియా 30ఎస్ ఉపప్రమాణాన్ని పట్టుకుని ప్రోటీన్ తయారీని ఆపుతాయి.

ఏటీపీలో 'అధిక శక్తి బంధం' తెగితే శక్తి వస్తుందా?

ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) కణం తన పనులకు శక్తిని ఖర్చు పెట్టే నాణెం లాంటి అణువు. శక్తి బంధం తెగడం వల్ల రాదు: ఏ బంధమైనా తెగడానికి శక్తి ఖర్చవుతుంది, ఇదీ అంతే. మూడు ఫాస్ఫేట్లు రుణావేశాలతో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుకుగా ఉంటాయి. నీరు చేరి చివరిది విడిపోయాక ఏర్పడే ఏడీపీ, ఫాస్ఫేట్లు మరింత స్థిరంగా ఉంటాయి. ఆ తేడానే మనకు దక్కేది, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్లు.

ఈ అణువు కథలో తెలుగు పేరొకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలమానం చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, తరవాత ఏటీపీ వాళ్లకు దొరికాయి. ఏటీపీ ప్రకటన 1929లో. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. వైవాలో ముగ్గురి పేర్లూ చెప్పండి.

మొక్కలకు హరితరేణువులు ఉన్నాయి కదా, మైటోకాండ్రియా ఎందుకు?

హరితరేణువు చక్కెర తయారుచేస్తుంది. ఆ చక్కెరను కణం పనులకు సరిపడా ఏటీపీగా మార్చేది మైటోకాండ్రియా. రాత్రి, వేరులో, మొలకెత్తే గింజలో అయితే దానిదే భారం.

బొమ్మ కింద ఆవర్ధనం ఎంతని రాయాలి?

450ఎక్స్ అని కళ్లు మూసుకుని రాయకండి. అది కంటికటకం 10, వస్తుకటకం 45 గుణిస్తే వచ్చేది, మీరు చూసినదానికి వర్తిస్తుంది. గీసిన బొమ్మకు లెక్క వేరు: బొమ్మ కొలతను అసలు కొలతతో భాగించాలి, రెండూ ఒకే ప్రమాణంలో ఉండాలి. 300 మైక్రోమీటర్ల కణాన్ని 6 సెం.మీ. గీశారనుకోండి. 6 సెం.మీ. అంటే 60,000 మైక్రోమీటర్లు, భాగిస్తే 200 రెట్లు. పెన్సిల్‌తో ఒకే గీత గీయండి, నీడలు దిద్దొద్దు, పేర్ల గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. మీ స్లయిడ్‌లో కనిపించని మైటోకాండ్రియాను పుస్తకం చూసి అందులో పెట్టొద్దు.